డంప్ తెరిచిన డాక్టరు

"నాలుగింటికల్లా నాకు పేరు కావాలి" అన్నాడు మేనేజరు. "సంజాయిషీలు వద్దు. ప్రోగ్రాం ఏ ఫంక్షన్ దగ్గర చచ్చిందో చూడండి. అది రాసిన మనిషి రేపటి నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు."

"తప్పు ఎవరైనా చేస్తారండీ" అన్నాడు డాక్టరు.

"ఎవరైనా చేస్తారు, ఒకరే పోతారు. ఆ ప్రోగ్రాం వాడే గోదాము వాళ్ళకి ఈ నెలే కొత్త టెక్నికల్ హెడ్డు వచ్చాడు. గట్టి పిండం. కారణమూ, మనిషీ తేల్చకపోతే కాంట్రాక్టు రద్దని రాశాడు."

ఈ డాక్టరు వైద్యం చదివినవాడు కాడు. చచ్చిన ప్రోగ్రాములను కోసి చూస్తాడని ఆఫీసులో అందరూ అలా పిలుస్తారు. ప్రోగ్రాం ప్రాణం వదిలే క్షణంలో మెమరీలో ఏమేం ఉన్నాయో కంప్యూటరు ఒక ఫైల్లో దింపేస్తుంది. దాన్నే డంప్ అంటారు. పొద్దున గోదాము నుంచి వచ్చిన డంప్‌ను ఆయన తప్పులు వెతికే డీబగ్గర్‌లో తెరిచాడు.

తెరిస్తే కనిపించేవన్నీ అంకెలే. ఫలానా చిరునామా దగ్గర పోయింది, దాన్ని పిలిచింది ఫలానా చిరునామా, అంతవరకే. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కని ఫంక్షన్ అంటారు. ఏ అంకె వెనక ఏ ఫంక్షన్ ఉందో చెప్పేది సింబల్ ఫైలు. ఇంటి నంబరు చూసి ఇంటాయన పేరు చెప్పే రిజిస్టరులాంటిది. ప్రోగ్రామును మళ్ళీ తయారుచేసినప్పుడల్లా ఇళ్ళన్నీ అటూ ఇటూ జరుగుతాయి కనక, ఏ వారం ప్రోగ్రాముకి ఆ వారం ఫైలే పెట్టాలి. డాక్టరు అలాగే పెట్టాడు. అంకెల పక్కన పేర్లు వరసగా వచ్చాయి. అన్నిటికంటే పైన, అంటే ప్రోగ్రాం చచ్చిన చోట, పెట్టెల బరువు చూసే ఫంక్షన్ ఉంది.

డాక్టరు ఆ పేరు రెండోసారి చదివాడు. అది రాసింది స్వయానా ఆయన బామ్మర్ది. నాలుగు నెలల కిందట తానే బతిమాలి పెట్టించిన ఉద్యోగం.

పక్క వరసలోంచి వాణ్ణి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "బరువు చూసేముందు అసలు పెట్టె ఉందో లేదో చూశావా?"

"పెట్టె లేకుండా బరువెవరు అడుగుతారు బావా?"

"అడిగారు. లేని పెట్టెని ఎత్తబోయి చచ్చింది."

బామ్మర్ది తెర మీద తన ఫంక్షన్ పేరు చదువుకున్నాడు. "ఇది మూడో ఉద్యోగం బావా. అక్కకి మాత్రం నువ్వు చెప్పకు, నేనే చెప్పుకుంటాను."

"ముందు వెళ్ళి నీ సీట్లో కూర్చో."

గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో డాక్టరు ఏ డంప్ గురించీ అబద్ధం చెప్పి ఎరగడు. నిజం చెప్పాలంటే, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇవాళ వచ్చింది. ఇంటికెళ్ళి భార్యకి ఏ మొహం చూపించాలో ఆయనకి తోచలేదు.

చెయ్యి దానంతటదే కదిలింది. సరైన సింబల్ ఫైలు తీసేసి, పోయిన వారంది పెట్టాడు. తేదీలు కలవడం లేదని డీబగ్గర్ హెచ్చరించింది. ఫరవాలేదు, అదే పెట్టమని గట్టిగా ఆజ్ఞ ఇచ్చాడు. చెప్పిన మాట వినడం తప్ప దానికేం తెలుసు పాపం. పేర్లన్నీ తారుమారయ్యాయి. అదే చిరునామా పక్కన ఇప్పుడు చీటీలు ముద్రించే ఫంక్షన్ అని వచ్చింది.

అది రాసింది మీసాలాయన. రెండేళ్ళ కిందటే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. డాక్టరు హమ్మయ్య అనుకున్నాడు. మానేసిన మనిషిని మళ్ళీ ఎవరు తీసేస్తారు? ఎవరి కూడూ పోదు.

సరిగ్గా నాలుగింటికి మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు.

"చీటీల ఫంక్షనా? ఎవరు రాశారు?"

"మీసాలాయన అనేవాళ్ళం. మీరు రాకముందే మానేశాడు."

"తియ్యడానికి మనిషే లేడన్నమాట." మేనేజరు ఒక్క క్షణం నిరాశపడి, అంతలోనే తేరుకున్నాడు. "పోన్లెండి, ఒకందుకు మంచిదే. మనవాళ్ళ తప్పు కాదు, వెళ్ళిపోయినవాడి నిర్వాకం అని చెప్పొచ్చు."

బామ్మర్ది తల ఎత్తకుండా ఏదో టైపు చేస్తున్నాడు. వాడి చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

మేనేజరు అక్కడే కుర్చీ లాక్కుని, గోదాముకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. కొత్త హెడ్డుతో నోటిమాటగా మాట్లాడటం ఆయనకి ఇదే మొదలు.

"నమస్కారం సార్. కారణం దొరికింది. చీటీలు ముద్రించే ఫంక్షన్లో తప్పుందండీ. అది రాసిన పెద్దమనిషి ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడు. బాధ్యత లేని రాత, ఏం చేస్తాం? మా డాక్టరు గారే స్వయంగా డంప్ తెరిచి చూశారు."

అవతలి నుంచి హెడ్డు అడిగాడు.

"డాక్టరు గారు పక్కనే ఉన్నారా?"

ఆ గొంతు వినగానే డాక్టరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఉన్నానండీ" అన్నాడు ఎలాగో.

"బాగున్నారా డాక్టరు గారూ? ఆ చీటీల ఫంక్షన్ రాసింది నేనే కదా. ఇంతకీ, ఏ వారం సింబల్ ఫైలు పెట్టి తెరిచారు?"