కుళాయి వేళలు

ఆ రోజు ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను, నీటి సరఫరా శిక్షణకు పిల్లల్ని ఎంచే మేడమ్ ఉన్నాం.

“మా చివరి వీధి పిల్లలకే ఊరికే నేర్పుతారా? ఇందులో ఏదో తిరకాసుంది,” అన్నాడు ఊళ్లో వాల్వులు తిప్పే నాన్న.

“మీ అమ్మాయి రోజూ కుళాయి వేళలు రాస్తుందని బడిలో చెప్పారు,” అంటూ మేడమ్ నా డైరీ తెరిచారు. “పెద్దవీధికి గంట, మీకు పావుగంటేనా? ఎవరు తిప్పేది?”

నేను నాన్న వైపు చూశాను.

“ఇంకెవరు, నా పుత్రరత్నమే!” అంది నాయనమ్మ.

“పెద్దవీధివాళ్లు చెప్పినంతసేపు వదలకపోతే నా పని ఉంటుందా?” అన్నాడు నాన్న, వీధి వైపు చూసి గొంతు తగ్గిస్తూ.

నాన్న కూడా ఎవరికో భయపడతాడని నాకప్పుడే తెలిసింది.

“వెళ్లి పేరు రాయించుకో. నేర్చుకొచ్చి నువ్వే తిప్పుదువుగాని,” అని డైరీ నా చేతిలో పెట్టి, మేడమ్ వెంట బయటికి నెట్టి, మొహం మీదే తలుపేసేశాడు.