సున్నా లేని లిఫ్ట్

"మైనస్ రెండుకి అయిదు కలిపితే మూడు. మీ అమ్మాయి నాలుగంటోంది! అడిగితే మొండికేస్తోంది. రేపట్నుంచి ఆరో తరగతిలో కూర్చోబెడతాను!"

కింది సెల్లార్‌లో స్కూటర్ పెట్టి లిఫ్ట్ ఎక్కుతూనే, లిఫ్ట్ నడిపే ఆ పిల్ల తండ్రి మీద విరుచుకుపడింది ఏడో తరగతి లెక్కల టీచరు.

"అది లెక్కలు నేర్చుకుంది ఈ లిఫ్ట్‌లోనే మేడమ్. ఇది మైనస్ రెండు. ఇక్కణ్ణుంచి అయిదు అంతస్తులు మీరే లెక్కపెట్టండి," అంటూ అతను తలుపు మూశాడు.

టీచరు పంతంగా వేళ్లు మడిచింది. మైనస్ ఒకటి. ఒకటి. రెండు. మూడు. అయిదో వేలు మడిచేసరికి తలుపు పైన నాలుగు వెలిగింది.

"మరి సున్నా ఏదయ్యా?"

"సున్నా అంతస్తంటే ఎవరూ కొనరని, బిల్డరు నేల అంతస్తుకే ఒకటని పెట్టాడు మేడమ్. ఇక్కడ లేని సున్నా మా పిల్లకి మీ పరీక్షలో వచ్చింది."

టీచరుకి ఒళ్లు మండింది. "ఇన్నేళ్లుగా ఈ బిల్డింగులో ఉంటున్నవాళ్లలో ఒక్కరికైనా కళ్లున్నాయా?"

అతను వినయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"దిగండి మేడమ్, మీ ఇల్లొచ్చింది."