వార్డెన్ గారి పర్మిషన్

"ఎవరి కోసం వచ్చారు?" అని అడిగింది సుబ్బలక్ష్మి, సొంత కొడుకుని.

పార్థసారథి క్యాబ్ వచ్చిందేమో చూద్దామని కిందికి వెళ్లి, రెండు నిమిషాల్లో పైకి వచ్చాడు. అంతలోనే తార్నాకలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటు గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ పడింది. అందులో తల్లి, ఒళ్లో పొడుగు నోటుబుక్కు, జుట్టు ముడిలో పెన్ను. ముప్ఫై ఏళ్లు యూనివర్సిటీ లేడీస్ హాస్టల్‌కి వార్డెన్‌గా పనిచేసిన మనిషి. రిటైరై ఇరవై ఏళ్లయిందన్న సంగతి ఆవిడకి తప్ప అందరికీ గుర్తుంది. ఈమధ్య కొడుకు మొహం కూడా రోజు విడిచి రోజే గుర్తుంటోంది.

ఆ నోటుబుక్కు పార్థసారథి తెలివే. ఆర్నెల్ల క్రితం దాకా ఆవిడ హాస్టల్‌కి టైమవుతోందంటూ చెప్పకుండా క్యాంపస్ దారి పట్టేది. ఒకసారి మాణికేశ్వర్ నగర్‌లో ఎవరింటి అరుగు మీదో దొరికింది. అప్పుడతను, హాస్టల్ మనింటికే మారిందని నమ్మబలికి, గళ్లు గీసిన రిజిస్టరు ఒకటి చేతికిచ్చి గుమ్మంలో కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి ఆవిడ గడప దాటలేదు. తన సంతకం లేకుండా ఇంకెవర్నీ దాటనివ్వలేదు కూడా. కొత్తిమీర కట్టకి వెళ్లాలన్నా కోడలు వైదేహి పేరు, వెళ్లే చోటు, తిరిగి వచ్చే తేదీ రాసి వెళ్లాల్సిందే. ఈ ఉపాయాన్ని పార్థసారథి ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు టైము పదిన్నర. ఘట్‌కేసర్ దగ్గర మతిమరుపు పెద్దవాళ్లని చూసుకునే హోమ్‌లో గది ఒకటి ఖాళీ అయింది. పన్నెండులోగా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. పోయిన వారం ఆవిడ గ్యాస్ తిప్పి వెలిగించడం మరిచిపోయింది. అప్పట్నుంచీ వైదేహికి కంటి మీద కునుకు లేదు. ఇక నా వల్ల కాదండీ అని ఆమె ఏడ్చిన పూట పార్థసారథి సరేనన్నాడు. అన్నాడే గానీ, ఆ పూట నుంచి అతనికీ ముద్ద దిగడం లేదు.

"అమ్మా, నేనే" అన్నాడు.

"ఇక్కడ అందరూ అమ్మా అనే పిలుస్తారు. ఎవరి కోసం?"

వాదించి లాభం లేదని తెలుసు. "సుబ్బలక్ష్మి గారి కోసమండీ. ఊరికి తీసుకెళ్లాలి."

"మీరేమవుతారు?"

"కొడుకుని."

ఆవిడ ఎగాదిగా చూసింది. ఆ పోలికేదీ కనిపించినట్టు లేదు. గార్డియన్ లెటర్ తెచ్చారా అని అడిగింది.

చెప్పుల స్టాండు మీద కాగితం పెట్టుకుని పార్థసారథి అక్కడికక్కడే లెటర్ రాశాడు. యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు, లెటర్లు రాయడం అతనికి మంచినీళ్లు తాగినంత పని. ఆవిడ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, కింద తేదీ వేయలేదని వెనక్కి ఇచ్చింది. వేసి ఇచ్చాడు. అప్పుడు రిజిస్టరు అందించింది.

వెనకాల మెట్ల మీద సూట్‌కేసు పట్టుకుని వాచ్‌మన్ బిక్షం నిలబడ్డాడు. పెట్టె ఇంట్లోంచి తేవడానికి అతనూ సంతకం పెట్టే వచ్చాడు.

"జల్ది రాయుండ్రి సార్. క్యాబోడు కింద లొల్లి చేస్తున్నడు" అన్నాడు.

పార్థసారథి రాశాడు. పేరు, సుబ్బలక్ష్మి. వెళ్లే చోటు, ఘట్‌కేసర్. కారణం, గాలి మార్పు. తిరిగి వచ్చే తేదీ దగ్గర పెన్ను ఆగింది. కుర్చీ వెనక నుంచి వైదేహి, ఏదో ఒకటి రాసేయండని కళ్లతోనే చెప్పింది. ఆదివారం అని రాద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు. ఆ గడి అలాగే వదిలేసి రిజిస్టరు తిరిగి ఇచ్చాడు. ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు, అప్లికేషన్ వెనక్కి కొట్టే మనిషి అతను.

ఆవిడ వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇది రాయలేదు."

"తర్వాత ఫోన్ చేసి చెప్తానండీ."

"ఈ నెలలోనా?"

పార్థసారథి చేతి గడియారం చూసుకున్నాడు.

"వచ్చే నెలా?"

అతను తలుపు గడియ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"చూడండి బాబూ," అంది ఆవిడ, కోపం లేకుండానే. "పెళ్లిళ్లకి పంపాను, చావులకి పంపాను, పరీక్ష తప్పిన వాళ్లని ఇళ్లకి పంపాను. ఎప్పుడు తీసుకొస్తారో చెప్పని వాళ్లతో మాత్రం ఒక్క పిల్లనీ పంపలేదు. అయినా సుబ్బలక్ష్మికి ఇక్కడేం తక్కువ? కాస్త మతిమరుపు, అంతే."

లెటర్ మీద 'అనుమతి లేదు' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి అతని చేతిలో పెట్టింది. పార్థసారథి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. జేబులో ఫోన్ మోగుతోంది. హోమ్ వాళ్లదే అయి ఉంటుంది. తియ్యలేదు. వైదేహి కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, క్యాబ్‌ని పంపించెయ్యమని బిక్షంతో చెప్పింది.

సుబ్బలక్ష్మి రిజిస్టరు మూసి, పెన్ను ముడిలో దోపుకుని, కుర్చీ గోడవారకి జరిపింది.

"ఇంకా అక్కడే నిలబడ్డావేంరా పార్థూ? ఆ వార్డెన్ ఒప్పుకోదని నాకు ముందే తెలుసు గానీ, కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతాను."