కల్లం మీది నిమ్మచెట్టు

రత్నాకర్ సార్ గేటు బయట ఆ ముసలాయన నిలబడటం అది నాలుగోసారి.

చేతిలో కర్ర, భుజాన తువ్వాల. చూపంతా కాంపౌండు లోపలి నిమ్మచెట్టు మీదే.

"ఏం కావాలె పెద్దాయనా?"

"ఏం వద్దు సారూ. ఆకు పండువారుతున్నది, చూస్తున్న."

సార్‌కి చురుక్కుమంది. ఆకులు పండుబారుతున్న సంగతి ఆయనకు తెలియక కాదు. సిద్దిపేటలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. వేపనూనె కొట్టాడు. ఆకుల మీద తెల్ల గీతలు గీసే పురుగుకి ఒక మందు, పిండినల్లికి ఇంకో మందు కొట్టాడు. ఫోన్లో వీడియోలు చూసి ఏదో ఉప్పు కూడా కలిపి పోశాడు. చెట్టు మాత్రం రోజుకు నాలుగు ఆకులు రాలుస్తూనే ఉంది.

ఇంకో చెట్టయితే పీకి పారేసేవాడు.

ఇది భార్య అమృతమ్మ తొట్టిలో పెంచిన నిమ్మ. ఆవిడ పోయిన ఏడాది కాలం చేసింది. తొట్టి ఇరుకైందని ఈ వానాకాలం మొదట్లో సారే దాన్ని తెచ్చి వాకిట్లో నాటాడు. ఆవిడ చేత్తో పెట్టిన మొక్క ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

"పైన మందు కొడితే ఫాయిదా లేదు సారూ," అన్నాడు ముసలాయన. "రోగం పైన లేదు, కాళ్ల కింద ఉన్నది. గీడ నీళ్లు దిగయి."

"నువ్వు చెప్తవా నాకు? ముప్పై ఏండ్లు చెట్ల పాఠమే చెప్పిన నేను."

"అట్ల గాదు సారూ. గా మూలకు పెట్టున్రి. గాడ ఏది పెట్టినా వస్తది."

కర్ర ఎత్తి చూపించింది ఈశాన్యం మూల.

"ఈశాన్యంల చెట్టు పెడతరా ఎవరన్న?"

వృక్షశాస్త్రం చెప్పిన నోరే వాస్తు కూడా చెప్పింది.

ముసలాయన నవ్వాడు. "చెట్టుకు ఈశాన్యం ఎరుకనా సారూ?"

ఆ సాయంత్రమే పక్కింటాయన చెవిలో ఊదాడు. "గా ముసలోన్ని గేటు కాడ నిలవడనియ్యకున్రి సార్. కాలనీల రెండు మోటార్లు పోయినయి."

ఐదోసారి వచ్చినప్పుడు సార్ కుర్చీలోంచి లేవలేదు. "ఇంకోసారి గీడ కనవడితే పోలీసులకు ఫోన్ చేస్త."

ముసలాయన చెట్టు వంక ఒకసారి చూశాడు.

"నీళ్లన్న ఆపున్రి సారూ," అని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

పది రోజులకి చెట్టున పదకొండు ఆకులు మిగిలాయి. సార్ ఇక ఆగలేక గడ్డపార తీశాడు.

ప్లాటు చదును చేసినప్పుడు పోసిన మొరంలోకి మూరెడు లోతు దిగింది. ఆ కింద గడ్డపార ఖంగుమంది. బండ కాదు. నున్నగా, గట్టిగా ఉన్న మట్టి. తడిపి, తొక్కి, పేడతో అలికి, ఏళ్ల తరబడి వడ్లు కొట్టిన కల్లం అది. దాని మీద నీళ్లు నిలిచి, నిమ్మ వేళ్లు నల్లగా కుళ్లి వాసన కొడుతున్నాయి.

సార్‌కి ముందు సిగ్గేసింది. తరవాత చెట్టు దక్కదేమోనని భయమేసింది.

కుళ్లిన వేళ్లు కత్తిరించి, చెట్టును ఈశాన్యం మూలకి మోసుకుపోయాడు. అక్కడ మొరం కింద మెత్తటి నల్లమట్టి, వానపాములు. ఒకప్పుడు పెంటకుప్ప వేసిన జాగా. చెట్టు నాటి, వారం రోజులు నీళ్లు చిలకరించి ఊరుకున్నాడు.

నెలకి చిగురేసింది.

ముసలాయన వస్తాడేమోనని రోజూ గేటు వంక చూసేవాడు. వెతుక్కుంటూ పోదామంటే మొహం చెల్లలేదు. తరిమినవాడు ఉట్టి చేతులతో ఎట్లా పోతాడు? కాయ కాస్తే పట్టుకుపోదామనుకున్నాడు.

ఎండాకాలం మొదట్లో ఏడు కాయలు కాశాయి.

అప్పటిగ్గాని తట్టలేదు, ఆయన పేరు కూడా అడగలేదని. నేల లోపలి సంగతి అంత తెలిసిందంటే ఈ భూమి ఆయనదే అయి ఉండాలి. బీరువా తెరిచి ప్లాటు కాగితాలు తిరగేశాడు. పాత పట్టాదారు పేరు దొరికింది. రాజమల్లయ్య, కొండపాక.

ఏడు కాయలూ సంచిలో వేసుకుని బస్సెక్కాడు. చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నాడు.

రెండంతస్తుల ఇల్లు. మల్లెపువ్వులాంటి తెల్ల బట్టల్లో రాజమల్లయ్య బయటికొచ్చాడు. ఆ ముసలాయన కాదు.

సార్ తడబడుతూ జరిగిందంతా చెప్పాడు.

"కల్లం యాడుండెనో నాకే ఎరుక లేదు సార్," అన్నాడు రాజమల్లయ్య. "నేనెన్నడు పొలంలకు దిగిన? అంత మా దుబ్బయ్యనే చూస్తుండె. భూమి అమ్మినంక గూడ గాడికే పోయి నిలవడుతుండె."

"ఇప్పుడు యాడున్నడు ఆయన?"

"దసరాకు ముందే చచ్చిపోయిండు, పాపం." రాజమల్లయ్య సంచిలోంచి ఒక కాయ తీసి వాసన చూశాడు. "మంచిగున్నయి. ఏం మందు కొడుతున్రు?"

సార్‌కి పోలీసులకు ఫోన్ చేస్తానన్న తన గొంతే మళ్లీ వినబడుతోంది.

"మరి కాయితాలల్ల ఆయన పేరు లేదేంది?" అని మాత్రం అడగగలిగాడు.

"కాయితాలల్ల ఎందుకుంటది సార్?" అన్నాడు రాజమల్లయ్య, కాయను మళ్లీ సంచిలో వేస్తూ. "మా జీతగాడు ఆయన, ముప్పై ఏండ్లు గా భూమిలనే చేసిండు."