రెండో గిరాకీ

అప్పటికి చీరాలలో ప్రతి కొట్టులోనూ బేరాలు మరబొమ్మలే ఆడుతున్నాయి. బొమ్మ ఒప్పుకున్న ధరను యజమాని ఒప్పుకున్నట్టే లెక్క. చీరల వ్యాపారి గ్రంధి నాగభూషణం తన బొమ్మకు తన గొంతు పెట్టించి, తనే బేరం నేర్పాడు. బోణీ గిరాకీని మాత్రం ఎంతకడిగినా ఉత్త చేతులతో పంపవద్దన్నాడు.

బొమ్మలను పరీక్షించడం కోడలు హిమజ ఉద్యోగం. "ఒక్క గిరాకీతోనే పరీక్షించి చూశారు మామయ్యగారూ. రేపటిదాకా ఆగి, రెండో మనిషిని కూడా పంపి చూద్దాం," అంది.

"ముహూర్తం దాటితే ఆ నష్టం ఎవరు భరిస్తారమ్మా?" అని కొట్టు తెరిపించి, నాగభూషణం నేతగాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అరలన్నీ ఖాళీ. వచ్చిన ప్రతివాళ్లనూ బొమ్మ బోణీ గిరాకీయే అనుకుంది. అడిగిన ధరకల్లా పట్టుచీరలు ఇచ్చేసింది.

కబురందుకుని వచ్చిన హిమజ, "పక్కకొట్టు శేషమ్మగారు మూడుసార్లు బోణీ చేశారట," అంది నెమ్మదిగా.

నాగభూషణం బయట అరుగు మీద కూలబడ్డాడు. "ఆ రెండో మనిషిగా పొద్దున నేనే వెళ్లినా సరిపోయేది కదమ్మా."

కాసేపటికి లేచి గడప దాటాడు. లోపలినుంచి తన గొంతే ఆప్యాయంగా పలకరించింది.

"రండి బాబుగారూ, మీదే బోణీ. ఎంతకిమ్మంటారు?"