రెండు ఎడమచేతులు

"రేపు మీరు ఇంటికి వెళ్ళిపోవచ్చమ్మా!"

డాక్టరమ్మ ఆ మాట అనగానే కొత్త పెళ్ళికూతురి మనసు గంతేసి కొత్తింటి గుమ్మంలో వాలింది.

స్కూటరు మీంచి పడి కుడిచెయ్యి చచ్చుబడ్డాక ఆమె కాపురమంతా ఈ ఆసుపత్రిలోనే. భర్త అద్దెకు తీసుకున్న ఇంటి తాళంచెవి మాత్రం రింగుతో సహా చిటికెన వేలికే ఉంటుంది.

"ఒక్క షరతు. ఈ తొడుగు మీకు మీరే తొడుక్కుని, మీరే విప్పుకోవాలి. సాయంత్రం చూస్తాను."

చచ్చుబడ్డ వేళ్ళను ముడిచి, చాపే మోటార్ల తొడుగు అది. నర్సు తొడిగి వెళ్ళింది. అది కాసేపు ఆడి, పిడికిలి బిగించి ఆగిపోయింది.

మణికట్టు దగ్గర బెల్టు, బకిల్. ఎడమచేత్తో ఎంత పీకినా రాదు. పిలిస్తే నర్సులెవరూ పలకలేదు. బోనులో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది.

"ఇది చేసినవాడి చెయ్యి పడిపోను!"

కిటికీ పక్కన ఎవరో నవ్వారు.

రోజూ అక్కడే కూర్చునే పెద్దాయన. పక్షవాతం. కుడిచెయ్యి ఒళ్ళో ఖాళీ సంచిలా పడి ఉంటుంది. ఎంత బతిమాలినా తొడుగు వేయించుకోడు. నర్సులు ముద్దుగా 'మొండిఘటం' అంటారు.

ఆమె నాలుక కరుచుకుంది.

"అయ్యో, మిమ్మల్ని కాదు బాబాయ్‌గారూ!"

"ఫర్వాలేదమ్మా, చేసినవాణ్ణేగా తిట్టావు. ఇంతకీ ఏం చేశాడేమిటి?"

"చెయ్యి పడిపోయినవాళ్ళకి రెండు చేతులతో పెట్టుకునే బకిల్ పెట్టాడండీ! వాడికి రెండూ దివ్యంగా ఉండుంటాయి."

పెద్దాయన ఒళ్ళోని కుడిచేతిని చూసుకున్నాడు.

"ఉండుంటాయి" అన్నాడు మెల్లగా. "ఆ తాళంచెవి ఇలా తే."

ఆయన ఎడమచేతి గోటితో రింగు సందు తెరిచాడు. ఆమె ఎడమచేత్తో దాన్ని బెల్టు చివరి కన్నంలోకి దూర్చింది. రింగు రెండుసార్లు చేజారి కింద పడింది.

"ఇద్దరం పుర్రచేతివాటం వాళ్ళం అయిపోయాం బాబాయ్‌గారూ!"

"మాటలాపి రింగు పళ్ళతో పట్టుకుని లాగు. వేలితో బకిల్ ముల్లు తప్పించు."

బెల్టు ఊడింది. పిడికిలికి విడుదల.

సాయంత్రం డాక్టరమ్మ ముందు తనే తొడుక్కుంది, తనే విప్పుకుంది. అప్పటికి కిటికీ పక్క కుర్చీ ఖాళీ.

"రేపు వెళ్ళేముందు ఆ మొండి బాబాయ్‌గారికి దీన్నెలా తొడుక్కోవాలో నేర్పేసి వెళ్తానండీ!"

డాక్టరమ్మ బెల్టుకి వేలాడుతున్న తాళంచెవిని చూస్తూ ఉండిపోయింది.

"ఆయనకి మీరు నేర్పక్కర్లేదమ్మా. ఇన్నాళ్ళూ ఆ బకిల్ తనే పెట్టుకోలేక సిగ్గుపడి మొండికేశారు. రేపు పొద్దున్నే తనకీ ఒక రింగు కట్టించమని, తనే తొడుక్కుంటానని ఇందాకే చెప్పి వెళ్ళారు, కాలేజీలో ఉద్యోగకాలమంతా ధారపోసి ఈ తొడుగు తయారుచేసిన మా ప్రొఫెసర్‌గారు."