వాడికి నచ్చిన పాట

"పాట లేకపోతే మీవాడికి ముద్ద దిగేది కాదమ్మా," అన్నాడు రంగులవాడు, కంచం దగ్గరికి జరుపుకుంటూ.

గోడలకు రంగులేసే పని అతనిది. ఎంత రుద్ది కడుక్కున్నా మోచేతుల మీద నీలం మరకలు పోవు. ఆదివారం పూట, సరిగ్గా కడుపు కాలే వేళకి వస్తాడు. గోదాము వెనక గదిలో మీ అబ్బాయీ నేనూ కలిసి ఉండేవాళ్ళమని చెప్పుకుంటూ మొదటిసారి గుమ్మంలో నిలబడ్డప్పటికి, ఆ ఇంటి కొడుకు పోయి నెల తిరగలేదు.

"ఏ పాటలు వినేవాడు?" అంది తల్లి. పోయిన వారమూ ఇదే అడిగింది.

"అన్నీ వినేవాడమ్మా. మీకేవి ఇష్టం?"

"నాకా? వాన పాటలు."

"చూశారా, మీవాడికీ అవే. చినుకు రాలకపోయినా వాన పాటే. నాకేమో ఫైటింగులు కావాలి. హీరో ఒక్కడే ఊరందర్నీ ఉతికి ఆరేస్తేగానీ టికెట్టు గిట్టినట్టుండదు. మీవాడు ఫైటింగు రాగానే లేచెళ్ళి టీ తాగొచ్చేవాడు. పాటొస్తే మాత్రం కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. డబ్బులు పోసింది చూడ్డానికి కదరా అంటే, కళ్ళు తెరిస్తే సరిగా వినపడదురా అనేవాడు."

ఆమె నవ్వింది. "మా ఆయనకి ఏడుపు సినిమాలు. తెర మీద ఎవరి తల్లి దగ్గినా సరే, ఈయన జేబురుమాలు పిండుకోవాల్సిందే."

"అయ్యగారా? చూస్తే అలా కనపడరే."

"ఇప్పుడు చుక్క రాల్చడం లేదు," అందామె. నవ్వు ఆగిపోయింది.

ముందు గదిలో కుట్టుమిషను టకటకా మొదలైంది. ఆమె భర్త టైలరు. ఆదివారం గిరాకీ ఉండదు. అయినా రంగులవాడు వచ్చి పాటల ఊసెత్తాడంటే చాలు, ఆయన ఏదో ఒక గుడ్డపీలిక పెట్టి మిషను తొక్కడం మొదలుపెడతాడు. గోడ అవతలి మాటలు వినపడకుండా తొక్కుతాడు.

పొద్దున్నే ఖరాఖండిగా చెప్పేశాడు భార్యకి. "ఇవాళ్టితో సరి. ఇంక వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వను. తిండి కోసం నోటికొచ్చిందల్లా వాగుతున్నాడు వాడు. నువ్వు చెవులప్పగించి కూర్చుంటున్నావు."

"పిడికెడు మెతుకులు. నీ సొమ్మేం కరిగిపోయింది?"

"మెతుకుల గురించి కాదే."

"మరి దేని గురించి? మీ తమ్ముడొచ్చి పూటంతా కూర్చున్నాడు. మనవాడి పేరెత్తాడా? పక్కింటామె నన్ను చూస్తే వీధి దాటి అవతల పక్కకి పోతోంది. ఇంత ఊళ్ళో నా కొడుకు గురించి నాతో మాట్లాడేది వీడొక్కడు. వీణ్ణీ తరిమేస్తే నా బిడ్డ రెండోసారి పోయినట్టే."

టైలరు గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని గుడ్డ ముందుకు లాక్కున్నాడు. వాదన ఆపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళ కాపురం మరి.

రంగులవాడికి మరో గరిటె వడ్డించి ఆమె గొంతు తగ్గించింది.

"ఒక సంగతి చెప్పు నాయనా. లారీ వెనక్కి తీస్తూ హారను మీద హారను కొట్టానన్నాడు ఆ డ్రైవరు. మావాడు కదల్లేదట. ఎందుకు కదల్లేదంటావు?"

రంగులవాడు కంచంలో మెతుకులు కెలికాడు.

"చెవుల్లో పాట పెట్టుకుని ఉంటాడమ్మా. ఆ వైర్లు పెట్టుకున్నాడంటే ఇక వాడికి లోకం పట్టదు. బస్తాలు మోసేటప్పుడూ అంతే."

"అంటే... పాట వింటూనే పోయాడంటావా?"

"అంతేనమ్మా. భయపడే వ్యవధి కూడా ఉండదు."

"ఏ పాటంటావు?"

"వాన పాటే అయ్యుంటుంది."

ఆమె అరచేత్తో నోరు మూసుకుంది. చిన్నప్పుడు, తను పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తుంటే వాడు చంకెక్కి, గొంతు మీద చెయ్యేసి నవ్వేవాడు.

మిషను ఆగింది.

టైలరు మెడలో టేపుతోనే లోపలికి వచ్చాడు. కత్తెర కూడా చేతిలోనే ఉంది. రంగులవాడు కత్తెర వైపు చూశాడు, ఆ తర్వాత తలుపు వైపు చూశాడు. కంచంలో ఇంకా సగం మిగిలే ఉంది.

"లేవకు," అన్నాడు టైలరు. "ఒక్కటడుగుతా. దానికి జవాబు చెప్పి మరీ కదులు. వినేవాడు, వినేవాడు అంటున్నావు. సరే. మావాడు పాడేవాడా?"

"నువ్వూరుకో," అంది భార్య.

"నువ్వాగవే. చెప్పరా. పాడేవాడా?"

ఆమె రంగులవాడి వంక చూసింది. కాళ్ళు పట్టుకుంటున్నట్టు చూసింది.

రంగులవాడు నోట్లో ముద్ద మింగాడు.

"పాడకేమయ్యా," అన్నాడు మెల్లగా. "బొంగురు గొంతు. పైకెళ్ళేసరికి జీర పడేది. అయినా ఆపితేగా. పడుకోనివ్వరా బాబూ అని అందరం దుప్పట్లు విసిరేవాళ్ళం. ఆ దుప్పట్ల కిందనుంచి పాడేవాడు."

టైలరు కత్తెర కిటికీలో పెట్టి, అతని కంచం ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"బొంగురేనా?"

"బొంగురేనయ్యా."

"మా నాన్నదీ అంతే," అన్నాడు టైలరు. "నాదీ అంతే. మా ఇంటా వంటా గొంతన్నది లేదు. అయినా ఒక్కడూ నోరు మూసుకోడు."

ఆమె నవ్వబోయింది, ఏడుపొచ్చింది. టైలరు ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"చల్లారిపోయింది, ఇంకాస్త వేడిగా వెయ్యవే వీడికి," అన్నాడు. రంగులవాడి వైపు తిరిగాడు. "వచ్చే వారం తొందరగా రా. ఇంకా ఏమేం పాడేవాడో అన్నీ గుర్తు చేసుకుని రా."

వాళ్ళ కొడుకు పుట్టుకతోనే మూగ, చెవిటి.